పెద్దలకు న్యుమోనియా టీకా: సగం రక్షణ అంటే ఎంత రక్షణ?

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కూతురు ఫోనులో అడుగుతుంది: "నాన్నా, న్యుమోనియా టీకా వేయించుకున్నావా? ఇక్కడ యాభై దాటితే చాలు, వేయించుకోమంటున్నారు." తండ్రి వెళ్లి తమ ఊళ్లోని డాక్టర్లను అడుగుతాడు. ఒకరు వెంటనే వేయించుకోండంటారు. మరొకరు "మీకిప్పుడే అంత అవసరం లేదులెండి, ఫ్లూ టీకా మాత్రం మానకండి" అంటారు. మందుల దుకాణంలో ధర అడిగితే ఒక్క డోసే నాలుగు వేల రూపాయల దరిదాపు అని తెలుస్తుంది. ఇద్దరు డాక్టర్లలో ఎవరి మాట నమ్మాలో తెలియక ఇల్లంతా తర్జనభర్జన పడుతుంది.

ఆ ఇద్దరూ సరిగ్గానే చెప్పి ఉండవచ్చు. టీకా పనిచేస్తుందా అన్నది ఒక ప్రశ్న. ఈ మనిషికి, ఈ ఖర్చుకు, అది ఎంత మేలు చేస్తుందన్నది ఇంకో ప్రశ్న. మొదటి ప్రశ్నకు గట్టి జవాబే ఉంది. రెండో దాని జవాబు మనిషిని బట్టి మారుతుంది. చాలా కుటుంబాల్లో గందరగోళమంతా ఈ రెండింటినీ కలిపేయడం వల్లే వస్తోంది.

ముందుగా రోగం సంగతి. ఊపిరితిత్తుల్లోని గాలి గదుల్లో చీము, నీరు చేరి ఊపిరి ఆడకపోవడమే న్యుమోనియా. మన పెద్దవాళ్లు నెమ్ము చేరిందనేది దీన్నే. దీనికి కారణమయ్యే సూక్ష్మజీవులు ఎన్నో ఉన్నాయి: బ్యాక్టీరియా, వైరస్‌లు, కొన్ని శిలీంధ్రాలు, మన దేశంలోనైతే అప్పుడప్పుడు క్షయ కూడా. మనం న్యుమోనియా టీకా అని పిలిచేది వీటిలో ఒక్క సూక్ష్మజీవిని మాత్రమే ఎదుర్కొంటుంది. దాని పేరు న్యుమోకాకస్. 1881లో ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్, అమెరికాలో జార్జ్ స్టెర్న్‌బర్గ్ దాన్ని విడివిడిగా గుర్తించారు. దాని చుట్టూ చక్కెర అణువులతో అల్లుకున్న ఒక తొడుగు ఉంటుంది. మన రక్తకణాలు పట్టుకోకుండా దాన్ని కాపాడేది ఆ తొడుగే. తొడుగు నిర్మాణంలోని తేడాలను బట్టి ఈ బ్యాక్టీరియాలో వందకు పైగా రకాలున్నాయి. టీకా డబ్బా మీద కనిపించే 13, 20, 23 వంటి అంకెలు ఆ వందలో ఎన్ని రకాలను అది గుర్తుపట్టేలా చేస్తుందో చెబుతాయి.

అంటే అన్ని న్యుమోనియాల్లో న్యుమోకాకస్ వల్ల వచ్చేవి కొన్ని, వాటిలో మళ్లీ టీకాలో ఉన్న రకాల వల్ల వచ్చేవి ఇంకా తక్కువ. ఆ చివరి ముక్క మీదే టీకా పనిచేస్తుంది. అమెరికాలో చికాగో, నాష్‌విల్ నగరాల ఆసుపత్రుల్లో న్యుమోనియాతో చేరిన 2,259 మంది పెద్దల నమూనాలను పరీక్షించిన అధ్యయనం ఒకటి 2015లో వెలువడింది. వారిలో కారకం దొరికింది 38 శాతం మందిలోనే. న్యుమోకాకస్ కనిపించింది 5 శాతం మందిలో. అమెరికాలో అప్పటికే పిల్లలకు ఈ టీకా వేయడం మొదలై పదేళ్లు దాటింది కాబట్టి వాటా అంత తక్కువగా ఉంది. మన దేశంలో జరిగిన అధ్యయనాల్లో ఇంతకంటే చాలా ఎక్కువే కనిపించింది. ఏ దేశంలోనైనా ఈ టీకా తీసుకున్న మనిషికి న్యుమోనియా రావచ్చు. "టీకా వేయించినా నెమ్ము వచ్చింది, ఇదంతా మోసం" అనేవాళ్లు ఈ విషయాన్ని ఎవరూ ముందుగా చెప్పకపోవడం వల్లే అలా అంటారు.

అయితే వాటా చిన్నదని ఈ సూక్ష్మజీవిని తేలిగ్గా తీసుకోకూడదు. అది ఊపిరితిత్తులు దాటి రక్తంలోకి, మెదడు పొరల్లోకి పోగలదు. వయసు మళ్లినవారిలో అలా పాకితే ప్రాణాల మీదికి వస్తుంది. పైగా పెద్దవాళ్లలో న్యుమోనియా పుస్తకంలో రాసినట్టు రాదు. డెబ్బై ఐదేళ్ల మనిషికి చలిజ్వరం, గళ్ల, ఛాతీ నొప్పి ఉండకపోవచ్చు. రెండు రోజులుగా అన్నం సయించదు. రాత్రి లేచి ఎక్కడున్నాడో తెలియనట్టు మాట్లాడతాడు. బాత్రూములో తూలి పడతాడు. ఇంట్లోవాళ్లు వయసు వల్లనుకుంటారు. ఆసుపత్రికి చేర్చేసరికి రక్తంలో ఆక్సిజన్ పడిపోయి ఉంటుంది. బతికి ఇంటికి వచ్చినవారిలోనూ చాలామంది మునుపటిలా నడవలేరు. ఆ తర్వాతి వారాల్లో గుండెపోటు ముప్పు కూడా పెరుగుతుంది. నివారణ గురించి ఇంత తాపత్రయపడేది ఇందుకే.

పెద్దలకు ఇచ్చే టీకాలు రెండు జాతులు. పాతది 23 రకాల పాలిసాకరైడ్ టీకా, 1983 నుంచి వాడుకలో ఉంది. ఇందులో ఆ చక్కెర తొడుగు ముక్కలు మాత్రమే ఉంటాయి. రోగనిరోధక వ్యవస్థ వాటిని చూసి ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) తయారు చేస్తుంది కానీ ఆ జ్ఞాపకాన్ని గట్టిగా దాచుకోదు. అందుకే ఐదేళ్లు గడిచేసరికి రక్షణ బాగా సన్నగిల్లుతుంది. రెండోది కాంజుగేట్ టీకా. తొడుగు ముక్కను ఒక ప్రోటీన్‌కు జతచేసి తయారు చేస్తారు. ప్రోటీన్ తోడు ఉండటంతో శరీరంలో జ్ఞాపక కణాలు కూడా తయారవుతాయి. పైగా ఇది ముక్కులో, గొంతులో దాక్కునే న్యుమోకాకస్‌ను కూడా తగ్గిస్తుంది. 13 రకాలది పెద్దలకు 2011 చివర్లో అమెరికాలో అనుమతి పొందింది. 15, 20 రకాలవి 2021లో, పెద్దల కోసమే రూపొందించిన 21 రకాలది 2024లో వచ్చాయి. ఇరవై రకాలది మన మార్కెట్లోకీ వచ్చింది.

ఇప్పుడు అసలు లెక్క. ఈ చర్చ మొత్తానికి వెన్నెముక లాంటి ప్రయోగం నెదర్లాండ్స్‌లో జరిగింది. 65 ఏళ్లు దాటిన 84,496 మందిని తీసుకుని సగం మందికి 13 రకాల టీకా, సగం మందికి ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చి సుమారు నాలుగేళ్లు గమనించారు. న్యుమోనియాతో వచ్చినవారికి ఎక్స్‌రే తీశారు. టీకాలో ఉన్న రకమేనా అని మూత్ర పరీక్షతో తేల్చారు. ఫలితాలు 2015లో వెలువడ్డాయి. టీకా రకాల వల్ల న్యుమోనియా వచ్చినవారు ఉత్తుత్తి ఇంజెక్షన్ బృందంలో 90 మంది, టీకా బృందంలో 49 మంది. అంటే 45 శాతానికి పైగా తగ్గుదల. రక్తం వంటి చోట్లకు పాకిన తీవ్రమైన జబ్బు 28 నుంచి 7కు పడిపోయింది. అది 75 శాతం రక్షణ.

అదే ప్రయోగంలో ఇంకో అంకె ఉంది. కారణం ఏదైనా సరే, న్యుమోనియా వచ్చినవారందరినీ లెక్కపెడితే ఒక బృందంలో 787 మంది, టీకా బృందంలో 747 మంది. తేడా 5 శాతం, అది కూడా యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పలేనంత చిన్నది. మరణాల సంఖ్యలో తేడా కనిపించలేదు. టీకాను సమర్థించేవాళ్లు 45 శాతం గురించి మాట్లాడతారు, వ్యతిరేకించేవాళ్లు 5 శాతం గురించి మాట్లాడతారు. కాస్త నిదానంగా చూస్తే రెండు చోట్లా తప్పిన కేసులు దాదాపు ఒకటే: నలభై. ఆ నలభైని తొంభైతో పోల్చితే సగంగా కనిపిస్తుంది, 787తో పోల్చితే ఇరవయ్యో వంతుగా కనిపిస్తుంది. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, పోల్చే చోటు వేరు.

ఇక నలభై ఒక్క కేసులు తప్పించడానికి ఎంతమందికి టీకా వేశారు? సుమారు 42 వేల మందికి. అంటే నాలుగేళ్లలో ఒక్కరికి ఆ రకం న్యుమోనియా రాకుండా ఆపడానికి వెయ్యి మందికి పైగా టీకా వేయాల్సి వచ్చింది. డోసు నాలుగు వేల రూపాయలు అనుకుని గుణిస్తే ఒక కేసు తప్పించడానికి నలభై లక్షలు దాటుతుంది. ఈ అంకె చూసి చాలామంది ఉలిక్కిపడతారు. కానీ దీన్ని ఉన్నదున్నట్టుగా మన ఇంటికి తెచ్చుకోకూడదు. ఆ ప్రయోగంలోకి వృద్ధాశ్రమాల్లో ఉండేవారిని, రోగనిరోధక శక్తి దెబ్బతిన్నవారిని తీసుకోలేదు. నెదర్లాండ్స్‌లో 2006 నుంచే పసిపిల్లలకు ఈ జాతి టీకాలు వేస్తున్నారు కాబట్టి పెద్దలకు సోకే అవకాశం అప్పటికే తగ్గింది. ఆసుపత్రిదాకా రాని కేసులు ఆ లెక్కలోకి రాలేదు. అది మొత్తం మీద ఆరోగ్యంగా ఉన్న సంపన్న దేశపు పెద్దల లెక్క.

శాతం ఒకటే అయినా దక్కే లాభం ఒకటి కాదని చెప్పడానికి బట్టల కొట్టు లెక్క చాలు. సగం ధరకే అన్నప్పుడు ఐదు వందల చీర మీద మిగిలేది రెండు వందల యాభై, పదివేల చీర మీద మిగిలేది ఐదు వేలు. టీకా ఇచ్చేది కూడా తగ్గింపే. ముందు ఉన్న ముప్పు ఎంతో తెలిస్తేనే ఆ తగ్గింపు విలువ తెలుస్తుంది. జబ్బు వచ్చే అవకాశం ఆ డచ్చి (నెదర్లాండ్స్) పెద్దలకంటే ఐదు రెట్లు ఉన్న మనిషి విషయంలో వెయ్యి కాస్తా రెండు వందలవుతుంది. నలభై లక్షలు ఎనిమిది లక్షలవుతాయి. ఐసీయూలో పది రోజుల బిల్లు చూసినవారికి ఎనిమిది లక్షలు అంత దూరపు అంకెగా అనిపించదు.

జపాన్‌లో వృద్ధాశ్రమాల్లో ఉన్న 1,006 మందిపై జరిగి 2010లో వెలువడిన ప్రయోగం దీనికి మంచి ఉదాహరణ. పాత 23 రకాల టీకాతోనే అక్కడ న్యుమోకాకస్ న్యుమోనియా 60 శాతానికి పైగా, అన్ని రకాల న్యుమోనియా 40 శాతానికి పైగా తగ్గింది. ఆరోగ్యంగా తిరిగే పెద్దల మీద అదే టీకాతో చేసిన ఇతర అధ్యయనాల్లో అంత ఫలితం రాలేదు. ఈ తేడాలో చాలా భాగం ఎవరికి వేశారన్నదాంట్లోనే ఉంది.

ముప్పు ఎక్కువ ఎవరికి? పొగతాగేవారికి, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఆయాసం తెచ్చుకున్న తల్లులకు, సీవోపీడీ (గాలిదారులు ఇరుకై ఏళ్ల తరబడి ఆయాసం పెట్టే ఊపిరితిత్తుల జబ్బు), ఆస్తమా ఉన్నవారికి, గుండె బలహీనపడినవారికి, కిడ్నీ జబ్బుతో డయాలిసిస్ మీద ఉన్నవారికి, కాలేయం గట్టిపడినవారికి, అదుపులో లేని షుగర్ ఉన్నవారికి. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు, ప్లీహం తీసేసినవారు అందరికంటే ముందుండాలి. వీరికి వయసుతో పని లేదు. షుగర్‌తోపాటు గుండెజబ్బు, దానితోపాటు పొగ అన్నట్టు రెండు మూడు కలిస్తే ముప్పు ఒకదానిమీద ఒకటి పేరుకుంటుంది. డచ్చి ప్రయోగ ఫలితాలను తర్వాత విడగొట్టి చూసినప్పుడు షుగర్ ఉన్నవారిలో రక్షణ ఇంకా మెరుగ్గా కనిపించింది. ప్రయోగం అయిపోయాక చేసే ఇలాంటి విభజనలను తుది తీర్పుగా తీసుకోకూడదు కానీ, ఇంటింటా షుగర్ ఉన్న మన రాష్ట్రాల్లో దాన్ని పట్టించుకోకుండా ఉండలేం.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. వయసు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది, కాబట్టి ఎనభైలో వేయించుకుంటే లాభం ఎక్కువ అనిపిస్తుంది. కానీ వయసుతోపాటు టీకాకు స్పందించే శక్తి తగ్గుతుంది. ఆ ప్రయోగంలోనే అరవై అయిదేళ్లవారికి దక్కినంత రక్షణ డెబ్బై అయిదు దాటినవారికి దక్కలేదు. మరీ ముందుగా వేస్తే అవసరం లేనప్పుడు ఖర్చు, మరీ ఆలస్యం చేస్తే అవసరమైనప్పుడు అంతగా పనిచేయదు. దీర్ఘవ్యాధి లేని మనిషికి అరవై అయిదు చుట్టూ ఆలోచించడం, వ్యాధి ఉంటే అది తెలిసినప్పుడే వేయించుకోవడం నాకు సబబుగా తోస్తుంది.

కూతురు చెప్పిన అమెరికా సిఫార్సు సంగతి కూడా చూడాలి. అది ఇన్నేళ్లూ ఒకేలా లేదు. 2014లో 65 దాటిన అందరికీ, అప్పటికే ఇస్తున్న 23 రకాల టీకాకు తోడుగా, 13 రకాలదీ వేయాలన్నారు. 2019లో ఆ 13 రకాలది అందరికీ అక్కర్లేదు, డాక్టరూ రోగీ మాట్లాడుకుని నిర్ణయించుకోవచ్చని మార్చారు. టీకా చెడిపోయిందని కాదు. పసిపిల్లలకు 2000 నుంచి ఒకటి, 2010 నుంచి ఇంకా విస్తృతమైనది వేస్తూ వచ్చేసరికి వారి ముక్కుల్లోంచి ఆ రకాలు మాయమయ్యాయి. నానమ్మలకు, తాతయ్యలకు అంటించేవాళ్లే తగ్గిపోయారు. మిగిలిన కొద్ది ముప్పు కోసం అందరికీ వేస్తే, ఆరోగ్యంతో కూడిన ఒక అదనపు జీవిత సంవత్సరానికి రెండు లక్షల నుంచి ఐదు లక్షల అరవై వేల డాలర్ల ఖర్చు తేలింది. ఆ తర్వాత ఎక్కువ రకాలున్న కొత్త టీకాలు రావడంతో 2021లో మళ్లీ అందరికీ అన్నారు, 2024 అక్టోబరులో వయసును యాభైకి దించారు. పిల్లల టీకాలు తరిమేసిన రకాల చోటును వేరే రకాలు ఆక్రమిస్తుంటాయి కాబట్టే టీకాలో అంకె పెరుగుతూ పోతోంది. ఆ సిఫార్సు అక్కడి రోగాల తీరుకు, ఖర్చును భరించే అక్కడి బీమాకు తగినట్టు రాసుకున్నది. అనకాపల్లిలోనో ఆదిలాబాద్‌లోనో ఉన్న యాభై రెండేళ్ల ఆరోగ్యవంతుడు దాన్ని చూసి కంగారుపడనక్కర్లేదు.

మన దగ్గర పసిపిల్లల టీకా 2017లో హిమాచల్ ప్రదేశ్, బిహార్, ఉత్తరప్రదేశ్‌లలో మొదలై 2021లో దేశమంతటికీ చేరింది. ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల, మూడు డోసులూ ఉచితం. మనవల్ని పెంచేది నానమ్మలు, అమ్మమ్మలు అయిన మన ఇళ్లలో దీని ఫలితం పెద్దలకు కూడా అందుతుంది. బిడ్డకు తొమ్మిదో నెల డోసు తప్పకుండా వేయించడం ఆ ఇంట్లోని పెద్దలకు పైసా ఖర్చు లేని రక్షణ.

పెద్దల విషయానికి వస్తే ప్రభుత్వం తీరు నాకు మింగుడుపడదు. 2024 అక్టోబరు నుంచి డెబ్బై దాటిన ప్రతి ఒక్కరికీ ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఐదు లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు భరిస్తున్నారు. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కూడా ఆసుపత్రిలో చేరాక ఆదుకునేవే. సీవోపీడీతో ఉన్న వృద్ధుడు న్యుమోనియా వచ్చి వెంటిలేటర్ మీదికి చేరితే లక్షలు ఇస్తాం, ఆ న్యుమోనియా రాకుండా ఆపగలిగిన ఇంజెక్షన్‌కు మాత్రం ఆయన పింఛను డబ్బులోంచే పెట్టుకోవాలి. ఇది న్యాయం కాదు, ఖజానాకు కూడా మంచిది కాదు. పెద్దలందరికీ ఉచితంగా వేయమని నేను అడగడం లేదు. పై లెక్కలు చూశాక అలా అడగడం సరికాదు కూడా. అడిగేది ఇంతే: ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ రోగుల జాబితాలు ఇప్పటికే ఉన్నాయి, డయాలిసిస్ కేంద్రాల్లో పేర్లున్నాయి, ఛాతీ ఆసుపత్రుల్లో సీవోపీడీ రోగులున్నారు. అక్కడినుంచి మొదలుపెట్టండి. ధర కూడా రాయిమీద చెక్కిన శాసనం కాదు. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ పిల్లల కోసం చేసిన 10 రకాల టీకాను పేద దేశాలకు డోసు రెండు డాలర్లకు ఇవ్వడానికి ఒప్పుకుంది. హైదరాబాద్‌లోని బయొలాజికల్-ఇ పసిపిల్లల కోసం 14 రకాల టీకా చేసింది. టోకున కొనే ప్రభుత్వం బేరమాడితే, మన కంపెనీలను పెద్దల మీద కూడా పరీక్షలు జరిపేలా ప్రోత్సహిస్తే, నాలుగు వేలు నాలుగు వేలుగానే ఉండిపోదు. ధర సగమైతే పై లెక్కలన్నీ సగమవుతాయి.

అందాకా కుటుంబాలు చేయాల్సింది. ముప్పు ఎక్కువగా ఉన్న పెద్దలుంటే, డబ్బు సర్దుబాటు చేసుకోగలిగితే, వేయించండి. ఇరవై రకాల కాంజుగేట్ దొరికితే ఒక్క డోసుతో సరిపోతుంది. పదమూడు రకాలది వేయించుకుంటే సాధారణంగా ఏడాది తర్వాత ఇరవై మూడు రకాలది వేస్తారు. రోగనిరోధక శక్తి బాగా తక్కువగా ఉన్నవారికి ఎనిమిది వారాలకే వేయవచ్చు. ముందే ఇరవై మూడు రకాలది వేయించుకుని ఉంటే కాంజుగేట్ కోసం ఏడాది ఆగాలి. ఒకటి రెండు రోజులు చేయి నొప్పి, ఒళ్లు నొప్పులు, నీరసం, కొద్దిపాటి జ్వరం మామూలే. తీవ్రమైన అలర్జీ చాలా అరుదు. అయినా వేయించుకున్నాక పదిహేను నిమిషాలు అక్కడే కూర్చోవాలి. ఇంతకుముందు ఈ టీకాకో, డిఫ్తీరియా టీకాకో తీవ్రమైన అలర్జీ వచ్చినవారు ఆ సంగతి ముందే చెప్పాలి. టీకాను 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. కాబట్టి దుకాణంలో కొని ఎండలో సంచిలో పెట్టుకుని మోసుకెళ్లడం కంటే, టీకా నిల్వ ఉండే క్లినిక్‌లోనే వేయించుకోవడం మేలు.

ఆరోగ్యంగా ఉండి, చేతిలో డబ్బు తక్కువగా ఉన్న అరవై ఏళ్ల మనిషి దీన్ని వాయిదా వేస్తే నేను తప్పుపట్టను. ఆయన ముందు చేయాల్సినవి వేరే ఉన్నాయి: ఏటా ఫ్లూ టీకా, ఎందుకంటే ఫ్లూ వచ్చి దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లోనే న్యుమోకాకస్ తేలిగ్గా పాతుకుంటుంది, చుట్ట, బీడీ, సిగరెట్ మానడం, షుగర్ అదుపు, పళ్లు, నోరు శుభ్రంగా ఉంచుకోవడం. ఫ్లూ టీకాకు వెళ్లినప్పుడే న్యుమోకాకస్ టీకా కూడా ఇంకో చేతికి వేయించుకోవచ్చు, రెండూ ఒకే రోజు వేసినా ఇబ్బంది లేదు.

వేయించుకున్నవారు టీకా పేరు, అందులోని రకాల సంఖ్య, తేదీ మందుల ఫైలులో మొదటి పేజీ మీదే రాసి పెట్టండి. మూడేళ్ల తర్వాత వేరే ఊళ్లో వేరే డాక్టరు తర్వాతి డోసు కావాలా వద్దా అని తేల్చేది ఆ మూడు వివరాలను చూసే. "ఏదో న్యుమోనియా ఇంజెక్షన్ అండీ" అంటే ఆయన చేయగలిగింది పెద్దగా ఉండదు.